కడిగి ఎండేసిన ఫిల్టరు

మొన్న నెల్లూరులో స్పేర్ పార్ట్స్ కొట్టు దగ్గర వచ్చిన కోపం ఇంటికొచ్చి అన్నం తిన్నా దిగలేదు, పడుకుని లేచినా దిగలేదు. అందుకే మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నేను చెబుతుంటే రాయమన్నాను. సంతకం పెట్టడం, బస్సు బోర్డు మీద మా ఊరి పేరు పోల్చుకోవడం తప్ప నాకు చదువు లేదు. మాట ఎక్కడైనా మోటుగా వస్తే నా వయసువాళ్ళు సర్దుకుంటారు, మీరూ ఇలాంటి కోపాలు మింగినవాళ్ళే కదా.

జరిగింది చిన్న సంగతే. మా చిన్నకొడుకు నడిపే డీజిల్ పికప్పుకి ఆయిలు మార్చే వేళయింది. చేపలు దించేశాక ఫిల్టరు కొనడానికి ఇద్దరం కొట్టుకి పోయాం. కొట్టతను బల్ల మీద రెండు డబ్బాలు పెట్టాడు. ఒకటి బండి కంపెనీది, రెండోది అదే రంగు, అదే సైజు, చూడటానికి దానికి కవలపిల్ల. మావాడు సెల్‌ఫోన్లోంచి తల ఎత్తకుండానే రెండోదాని మీద చెయ్యి వేశాడు. నేను ఆగమని, రెండూ నా చేతికి ఇవ్వమన్నాను. కొట్టతను నా వైపు చూడనైనా చూడకుండా మావాడితోనే, "ఏందన్నా, అమ్మకి ఇంట్లో పొద్దుపోక వచ్చినట్టుండాదే, కుర్చీ ఏయమంటావా?" అన్నాడు. మావాడు నవ్వాడు. కొట్టతను అన్నదానికి కాదు, మావాడు నవ్వినందుకు నాకు ఒళ్ళు మండింది.

కుర్చీ వద్దన్నాను. ఆ కవలపిల్లని చేతిలోకి తీసుకుని మధ్య చిల్లులో వేలు పెట్టి చూశాను, అంచున ఉన్న రబ్బరు రింగుని గోటితో నొక్కాను, చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. రబ్బరు ఎండిపోయిన చెప్పు తోలులా ఉంది, లోపల ఏదో వదులుగా కొట్టుకుంటోంది. "ఇది నీ బండికి బిగించుకో నాయనా" అని అతని ముందుకే తోసి, కంపెనీది సంచిలో వేసుకుని మెట్లు దిగాను. మావాడు వెనకాలే వచ్చి, బండి తలుపు తీస్తూ, "సరేలేమ్మా, ఈసారికి నీ ఇష్టం, ఎటూ ఈ బండి అమ్మేస్తాం గదా" అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు. సాయంత్రం కూరకి వంకాయలు తెస్తానన్నట్టు అన్నాడు.

బండి సంగతులు తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఇంజన్ లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటూ తిరుగుతుంది, ఆ రాపిడి పట్టకుండా మధ్యలో ఆయిలు పారుతూ ఉంటుంది. డీజిల్ ఇంజన్లో మసి ఎక్కువ, ఆ మసీ ఇనుప రజనూ అన్నీ ఆయిల్లోనే కలుస్తాయి. వాటిని పట్టి ఆపేది ఈ ఫిల్టరు. దాని కడుపులో ఉండేదంతా కాగితమే, మడత మీద మడతగా మడిచిన మందపాటి కాగితం. ఇప్పుడు దాన్ని ఇనుప డబ్బాలో పెట్టి మూసేసి అమ్ముతున్నారు గానీ, మా మొదటి బండికి అలా ఉండేది కాదు. ఇంజన్ పక్కన ఒక ఇనుప గిన్నె, ఆ గిన్నె విప్పితే లోపల కాగితపు మడతలు కంటికి ఎదురుగా కనపడేవి.

ఆ మొదటి బండి ఎందుకు వచ్చిందో చెప్పాలంటే బస్సుల సంగతి చెప్పాలి. విడవలూరు అవతల సముద్రం ఒడ్డున మా పాలెం. మగవాళ్ళు వేటకి పోయి తెచ్చిన చేపల్ని ఆడవాళ్ళం గంపల్లో సర్దుకుని నెల్లూరు బజారుకి పోయి అమ్మేవాళ్ళం. గంప ఎత్తుకుని రోడ్డు దాకా నడవడం కష్టం కాదు, ఆ రోడ్డు మీద బస్సు ఆపించడమే కష్టం. మమ్మల్ని దూరం నుంచి చూడగానే డ్రైవరు పక్కకి తిరిగి ఇంకా జోరుగా తోలేవాడు. ఆగిన రోజున కండక్టరు తలుపుకి అడ్డంగా నిలబడి, "దిగండి దిగండి, మనుషులు ఎక్కాల" అనేవాడు. మేం ఏమిటో మరి. గంపలు బస్సు పైన వేస్తే ఐసు కరిగి నీళ్ళు కిటికీల మీదుగా కారేవి, లోపల కూర్చున్న చొక్కాలవాళ్ళు మమ్మల్ని తిట్టేవాళ్ళు, దిగేటప్పుడు చూసుకుంటే పైనున్న గంపలో మంచి చేపలు కొన్ని మాయమయ్యేవి. ఆ చొక్కాలవాళ్ళ ఇళ్ళలోనే మధ్యాహ్నం మా చేపల పులుసు ఉడికేది. ఇప్పటికీ తలుచుకుంటే పళ్ళు పటపటమంటాయి.

ఒకరోజు మా అత్తని బస్సు మెట్టు మీద నుంచి తోసేశారు, గంపతో సహా రోడ్డు మీద పడింది. తర్వాత కొన్నాళ్ళకి మా ఇంటాయన పడవలో తన వాటా వదులుకుని, ఎవరో తోలి తోలి వదిలేసిన పాత డీజిల్ పికప్పు తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. తెల్లరంగు అనుకుంటాను, ఎందుకంటే తుప్పు పట్టనిచోట తెల్లగానే ఉండేది. ఆయన పెట్టిన నియమం ఒకటే, ముందు ఆడవాళ్ళూ గంపలూ, ఇంకా చోటు ఉంటేనే వేరే సరుకు. పొద్దున తెల్లారకముందే ఆ బండి హారను మోగితే ఊళ్ళో ఆడవాళ్ళందరూ కొంగులు బిగించుకుని వచ్చేవాళ్ళు. పడవని నడిపినట్టే నడిపేవాడు ఆయన, దగ్గరి గుంట చూడకుండా దూరంగా ఎక్కడికో చూస్తూ, అందుకని వెనక కూర్చున్న మా నడుములు విరిగేవి, అది వేరే సంగతి.

ఫిల్టరు ఎంచడం నాకు నేర్పింది ఆయనే, నేర్పాడనడం కంటే నా చేతికి ముందే తెలిసిన పనిని గుర్తుచేశాడనడం సరి. చేపలు అమ్మేసి కొట్టుకి పోయేవాళ్ళం. మా ఒంటి మీద వాసన పడక ఆ కొట్టు యజమాని మమ్మల్ని మెట్టు కిందే నిలబెట్టి, డబ్బాలు పైనుంచి విసిరినట్టు ఇచ్చేవాడు. మా ఇంటాయన అట్టపెట్టె విప్పి ఫిల్టరు నా చేతిలో పెట్టి, "మొప్పలు చూసినట్టు చూడమే" అనేవాడు. చేపలు కొనే మనిషి ఏం చేస్తుంది? మొప్ప ఎత్తి చూస్తుంది. మొప్పల్లో ఈకలు విడివిడిగా నిలబడి ఉంటే చేప మంచిది, ఒకదానికొకటి అతుక్కుని వాలిపోయి ఉంటే కంపుకొట్టే చేప. ఫిల్టర్లో కాగితం మడతలు కూడా అంతే. విడివిడిగా, ఎడం సమానంగా, వేలితో తడిమితే తిరిగి లేచి నిలబడాలి. పైనా కిందా ఉండే ఇనుప బిళ్ళకి మడతలు ఖాళీ లేకుండా అంటుకుని ఉండాలి. రబ్బరు మెత్తగా ఉండాలి. అట్టపెట్టె మీద బొమ్మ ఎంత బాగుందన్నది మనకి అక్కర్లేదు, నాకు ఆ అక్షరాలు చదవడం రాకపోవడం ఒక రకంగా మేలే అయింది.

ఒకసారి ఎండలో కొట్టు తర్వాత కొట్టు తిప్పి ప్రతిచోటా వద్దని లేచి వచ్చేశాడు. నాకు ఆకలీ కోపమూ కలిసి, ఆ ఫిల్టరుని నువ్వే పెళ్ళి చేసుకో అని రోడ్డు మీదే అరిచాను. ఆయన నన్ను ఒక హోటలుకి తీసుకుపోయి కారం దోశ పెట్టించాడు. మా పక్క బల్ల వాళ్ళు ముక్కు మూసుకుని లేచిపోతే, మాకు చోటు విశాలమైందని చెప్పి ఆ బల్ల మీదికి కాళ్ళు కూడా చాపినంత పని చేశాడు. అలాంటి మనిషి. ఆయన సముద్రంలో పోలేదు, ఒడ్డున మంచం మీద పచ్చకామెర్లతో పోయాడు. దాని గురించి ఇంకేమీ చెప్పను.

ఆయన పోయాక బండి తాళం మా మరిది తీసుకున్నాడు. మరిది చెడ్డవాడు కాదు, నేను కాపరానికి వచ్చేనాటికి చొక్కా కూడా వేసుకోని చిన్నవాడు, నా చేతి అన్నం తిని పెరిగినవాడు. పడవ ఇంజన్ దగ్గర పని చేసేవాడు, ఇంజన్లంటే తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదనుకునేవాడు. నెల్లూరు వైపు నుంచి ఒక రొయ్యల వ్యాపారి వచ్చి, బండిని తనకే నెలకింత అని ఒప్పందానికి ఇమ్మని అతని చెవి కొరుకుతున్నాడు. అలా ఇస్తే బండిలో రొయ్యల ట్రేలు తప్ప గంప ఎక్కదు. బండి నా పేరున ఉంది కాబట్టి నేను ఒప్పుకోలేదు. నా చేతిలో ఉన్నంతకాలం మా ఆడవాళ్ళకి మళ్ళీ ఆ కండక్టరు మొహం చూసే గతి పట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

కానీ పాలెంలో ఇంకో కట్టుబాటు ఉంది. వేటకి బయలుదేరే పడవకి మొగుడు పోయిన ఆడది ఎదురు రాకూడదు. అది పడవకి సంబంధించిన మాట. మావాళ్ళు బండిని కూడా పడవ కిందే జమ కట్టారు. పొద్దున్నే దానికి నిమ్మకాయ తొక్కించి, కర్పూరం వెలిగించి, సముద్రం నీళ్ళు చల్లి బయలుదేరదీసేవాళ్ళు, ఆ ఉప్పునీళ్ళకే సగం బండి తుప్పుపట్టిపోయింది. ఆయన పోయిన దగ్గర నుంచి, పొద్దున బండి కదిలే వేళకి నేను ఇంటి వెనక ఉండాలన్నారు, ఎక్కాల్సిన రోజున అటునుంచే వచ్చి బండి వెనక ఎక్కాలట. నా బండి కదిలే వేళకి నేను ఇంటి వెనక! మా అత్త కూడా అదే చెప్పింది, తను ఎన్నో ఏళ్ళుగా అలాగే ఇంటి వెనక నిలబడ్డ మనిషి.

బండిని పడవనుకోవడం అక్కడితో ఆగినా బాగుండేది. ఆయిలు మార్చే వేళ వచ్చింది, ఫిల్టరు తేవడానికి నెల్లూరు వస్తానని నేను మరిదితో అన్నాను.

"నువ్వెందుకు వదినా ఎండలో పడి? పాతదుండాది గదా, కడిగి ఏస్తా."

"కడిగేదేంది అబ్బయా, అది కాగితం."

"పడవ ఇంజన్‌కి ఇన్నేళ్ళ నుంచి డీజిల్లో కడిగి, ఎండేసి, అదే ఏస్తా ఉండా. సముద్రం మధ్యలో ఏనాడన్నా ఆగిందా? ఆడ ఆగంది నేల మీద ఆగుద్దా?"

పడవ ఇంజన్లో ఉండేది ఇనుప జల్లెడ, కడిగితే మురికి పోతుంది, దానికేమీ కాదు. మా తీరంలో ఇంజన్ పని చేసే ప్రతివాడి చెయ్యీ ఆ కడగడానికే అలవాటుపడింది. సాయంత్రం నేను చూసేసరికి మా బండి ఫిల్టరు పాత వల మీద నెత్తళ్ళ చేపల పక్కన ఎండుతోంది. ఒక కాకి దాన్ని పొడిచి చూసి, బాగాలేదని వదిలేసి నెత్తళ్ళ మీదికి పోయింది. తీసి చూస్తే మడతలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, మెత్తబడి, ఒక పక్కకి వాలిపోయి ఉన్నాయి. వీధి వీధంతా వినపడేలా తిట్టాను. సరే వదినా, ఇది వేయనులే అన్నాడు. మర్నాడు పొద్దున వల మీద చూస్తే నెత్తళ్ళే ఉన్నాయి.

ఇంటి వెనక ఉండాల్సిన దాన్ని, జుట్టు కూడా ముడివేసుకోకుండా పరుగెత్తి బండికి ఎదురుగా నిలబడ్డాను. గంపలు ఎక్కించేశారు, ఆడవాళ్ళు కూర్చున్నారు, కర్పూరం ఇంకా వెలుగుతోంది. గిన్నె విప్పి చూపించమని అరిచాను. ఎవరో అయ్యయ్యో అన్నారు, ఎవరో ఉమ్మేశారు. ఒకామె, నాతో కలిసి అన్నం తిన్న మనిషి, "ముండమోపి ఎదురొచ్చింది, ఇయాల పోయినట్టే" అంది. మరిది దిగివచ్చి నన్ను రెక్క పట్టుకుని పక్కకి జరిపాడు. ఇంకో నిమ్మకాయ తెచ్చి కోసి, కాసేపు ఆగి, బండి తీసుకుని పోయాడు.

విడవలూరు దాటాక ఇంజన్ ఆగిపోయింది. ఆగడం అంటే మామూలుగా ఆగడం కాదు, సీజు అయింది, లోపల ఇనుము ఇనుముని కరిచిపట్టుకుంది. నానిన కాగితం ముక్కలు ముక్కలై ఆయిలు పారే దారులన్నిటికీ అడ్డం పడింది. ఆయిలు అందడంలేదని ముందున్న ఎర్రలైటు వెలుగుతూనే ఉందట, మా మరిదికి పడవలో చెవితో వినడమే తప్ప లైటు చూసే అలవాటు లేదు, అది వెలిగితే మంచిదే అనుకున్నాడట. ఆడవాళ్ళు గంపలు దించుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. బస్సులు వచ్చాయి, పోయాయి. ఏ బస్సూ ఆగలేదు. ఐసు కరిగింది, ఎండ ఎక్కింది, మధ్యాహ్నానికి ఆ చేపల్ని కుక్కలకి వేసి ఇంటికి నడిచి వచ్చారు. వస్తూ వస్తూ తిట్టింది మరిదిని కాదు, నన్ను.

రెండోరోజు సాయంత్రం వలలు అల్లే పాకలో పెద్దమనుషులు కూర్చున్నారు. మా పాలెంలో మంచిచెడ్డలు తీర్చే కులపెద్దని పెద్దకాపు అంటాం, ఆయన వల కుప్ప మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మరిది నిలబడి, వదిన మంచిదే గానీ బండి ఆమె పేరున అచ్చిరావడంలేదని, తన పేరున పెడితే ఆమెనీ పిల్లల్నీ తనే చూసుకుంటానని చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఆ రొయ్యల వ్యాపారి మనిషి ఒకడు పాక బయట ఏమీ ఎరగనట్టు నిలబడి ఉండటం నేను చూశాను. అక్కడ తల వంచితే మర్నాటి నుంచి మా గంపలన్నీ మళ్ళీ రోడ్డు మీదే.

ఆ పొద్దున్నే నేను బండి ఆగినచోటికి నడిచిపోయి, మెకానిక్కుతో ఆ గిన్నె విప్పించి, లోపల ఉన్నది ఉన్నట్టు నా గంపలో పెట్టుకుని వచ్చి ఉన్నాను. ఆ గంపని పాక మధ్యలోకి తెచ్చి, గిన్నెని తాటాకు చాప మీద బోర్లించాను. నల్లగా, జిగటగా, కాగితం పేలికలు, వంగిపోయిన ఇనుప బిళ్ళ. దాని పక్కనే ఆరోజు పట్టిన వంజరం చేప ఒకటి పెట్టి మొప్ప ఎత్తాను.

"పెద్దకాపూ, నువ్వు చేప మొప్ప చూడకుండా కొంటావా? ఇది చూడు, ఇది చూడు. దీన్ని చంపింది నా మొహమా, మీవాడు ముంచిన డీజిలా? చెప్పు. నేను ఎదురొస్తే కాగితం చిరుగుద్దా?"

"గొంతు తగ్గించమే" అన్నాడు పెద్దకాపు.

"తగ్గించను. బండిలో వెనక కూర్చునేది ఎవురు? సగం మంది మొగుళ్ళు పోయినోళ్ళం. సముద్రం మింగినా, రోగం మింగినా, ఎవురి మొగుడు పోతే ఆమె నెత్తికి గంప వస్తా ఉండాది ఈ ఊళ్ళో. మేం వెనక ఎక్కితే తప్పులేదు, ముందుకొస్తే చెడుపా? మేం అమ్ముకొచ్చిన కూడు మాత్రం మీ ముందుకొచ్చినా అరుగుద్ది!"

పెద్దకాపు లేచి వచ్చి గొంతుక్కూర్చుని, ఆ కాగితం పేలికని వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, మా మరిది వైపు చూశాడు. "డీజిల్లో ఏశావంట్రా?" అని అడిగాడు. మరిది నేల చూశాడు. నేను గెలిచాననుకున్నాను. కానీ పెద్దకాపు తిరిగి వల కుప్ప మీదికి పోయి, ఇంజన్ సంగతి ఇంజన్‌ది, ఆచారం సంగతి ఆచారానిది అన్నాడు. బండి నాకే ఉండనీ అన్నాడు. పొద్దున బయలుదేరే వేళ మాత్రం నేను ముందుకి రాకూడదు, ఊరందరి బతుకు ఆ బండి మీద ఉంది కాబట్టి ఇంటి వెనకే ఉండాలి అన్నాడు. అందరూ అదే న్యాయమన్నారు, నా పక్కన కూర్చున్న ఆడవాళ్ళు కూడా. బండి నాదట, దాని ముందుకి మాత్రం నేను రాకూడదట. మా అత్త ఒక మూల కూర్చుని వక్క నములుతోంది. ఆవిడ మీద కూడా నాకు కోపం వచ్చింది.

బండి బాగుచేయించడానికి కొంతకాలం పట్టింది. మళ్ళీ కదిలే రోజు పొద్దున నేను గడప మీద కూర్చున్నాను, ఇంటి వెనకకి పోలేదు, ముందుకీ పోలేదు. నిమ్మకాయలు తొక్కించారు, కర్పూరం వెలిగించారు. అప్పుడు మా అత్త గంప చంకన పెట్టుకుని ఇంట్లోంచి వచ్చింది. ఎప్పటిలా బండి వెనక తలుపు వైపు పోలేదు. బండికి ఎదురుగా నడిచి, చుట్టూ తిరిగి, ముందు తలుపు లాగి, డ్రైవరు పక్క సీటులో గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జనం నోళ్ళు తెరిచారు. స్టీరింగు దగ్గర ఉన్న మా మరిదికి చెమటలు పట్టాయి.

"అమ్మా, ఏంది ఇది? దిగు, అందరూ చూస్తా ఉండారు."

"చూడనీరా. నీ నాయన పోయి ఎన్నేళ్ళయిందో నీకు గుర్తుండాదా? అప్పటికి నీకు పళ్ళు కూడా రాలా. నిన్ను పెంచింది ముండమోపి గంప గాదంట్రా? నేను కూర్చుంటే బండి ఆగుద్దో పోద్దో ఇయాల చూద్దాం. తోలు."

మరిది తాళం తిప్పలేదు. ఆవిడ తల బయటికి పెట్టి నా వైపు చూసి అరిచింది.

"ఏమే, ఆడ కూర్చోని ఏడస్తా ఉండావా? మొగం కడుక్కోని రా. ఇద్దరికీ చోటుండాది, నేనేమన్నా ఏనుగునా?"

నేను పోయి ఆవిడ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. నిన్నటిదాకా నన్ను ఇంటి వెనకకి పొమ్మన్న మనిషి తన గంప సగం నా ఒళ్ళోకి జరిపి తలుపు వేయమంది. వెనక ఎక్కినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు గంపలతో దిగిపోయారు కూడా. పెద్దకాపు దూరం నుంచి చూసి, కాండ్రించి ఉమ్మి, సముద్రం వైపు తిరిగి నడిచిపోయాడు. బండి కదిలింది. విడవలూరు దాటింది, ఇంజన్ ఆగినచోటు దాటింది, నెల్లూరు చేరింది. చేపలు అమ్మేశాక, మేం అడగకుండానే మరిది బండిని స్పేర్ పార్ట్స్ కొట్టు ముందు ఆపాడు. దిగి, కొట్టతను విసిరిన డబ్బాలన్నీ తెచ్చి నా ఒళ్ళో పోసి, "ఏది వదినా?" అన్నాడు, మొహం చూడకుండా. ఆ తర్వాత చాలా ఏళ్ళు అతనే తోలాడు, రొయ్యల వ్యాపారి మళ్ళీ వస్తే అతనే కసిరి పంపించాడు. దిగిపోయిన ఆ ఇద్దరు ముగ్గురు కొన్నాళ్ళకి వాళ్ళే వచ్చి ఎక్కారు, ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు.

అత్త పోయింది. మరిదికి చూపు ఆనక స్టీరింగు వదిలేశాడు. ఆ పాత బండీ పోయింది, ఇప్పుడున్నది వేరే బండి, నా పేరునే ఉంది, మా చిన్నవాడు తోలుతున్నాడు. ఇప్పుడు ఎవరూ నన్ను ఇంటి వెనకకి పొమ్మనరు. పొద్దున బండికి ఎదురుగా నిలబడితే, కాస్త పక్కకి జరగమ్మా, తగులుద్ది అంటారు. అది మంచిదే, కాదనను. కానీ ఈ మంచితనం చాటున జరిగేది ఏమిటో నాకు కనపడటంలేదా? వ్యాపారుల పెద్ద పెద్ద ఐసు వ్యాన్లు ఒడ్డు దాకా వచ్చేస్తున్నాయి, పడవ దిగిన చేప దిగినట్టే తూకానికి పోతోంది, ఆడవాళ్ళ గంపలోకి పడేది వాళ్ళు వద్దన్నదే. నా కొడుకు ఒకరోజు ఫోన్లో ఎవరితోనో మాట్లాడాడు, బండి అమ్మి రొయ్యల కంపెనీ కింద కొత్త వ్యాను పెట్టాలనుకున్నాడు. అమ్మేసే బండికి మంచి ఫిల్టరు దేనికని మొన్న కొట్టులో ఆ రెండోదాని మీద చెయ్యి వేశాడు. ఇదంతా ఎప్పుడు తేలిందిరా, ఏ పాకలో కూర్చుని తేల్చారు, నన్ను ఎవరు పిలిచారు అని దారంతా అడిగాను. నేను బతికుండగా సంతకం పెట్టనని చెప్పాను. దానికీ సరేలేమ్మా అన్నాడు. ఏమన్నా సరేలేమ్మా అంటాడు.

ఆ రోజుల్లో నన్ను కాదన్నవాళ్ళు నా మొహం మీదే కాదన్నారు. ఉమ్మారు, రెక్క పట్టుకుని లాగారు, పాకలో కూర్చుని అందరి ముందూ తీర్పు చెప్పారు. అందుకే వాళ్ళ ముందు గంప బోర్లించి, నోరు పెట్టుకుని, ఇది నాది అని అరవగలిగాను. ఇప్పుడు ఎవరి ముందు బోర్లించాలి? ఎవరూ అడ్డం నిలబడటంలేదు, ఎవరూ గొంతు తగ్గించమనడంలేదు, నవ్వుతూ కుర్చీ వేస్తున్నారు. మనలాంటివాళ్ళం ఆ కుర్చీలో కూర్చుంటే ఇక మనతో పని అయిపోయిందని అర్థమని తెలుసుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

నిన్న పొద్దున కొత్త ఫిల్టరు బిగించిన బండి దగ్గర నిలబడ్డాను. మావాడు హారను మోగించాడు. అప్పట్లో ఆ మోతకి ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ, తిట్టుకుంటూ ఎక్కితే, వెనక బరువు మోసే కమాను పట్టీలు మూలిగి బండి ఒకేసారి కిందికి కుంగేది. నిన్న నలుగురు వచ్చారు, నా వయసువాళ్ళే, ఒకరికొకరు చెయ్యి ఇచ్చుకుని మెల్లగా ఎక్కారు. బండి కుంగలేదు.